ఎన్నో స్టేజీ, సిస్టరమ్మా?

నేను సిస్టర్ని కాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఈ మాట చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. సూది గుచ్చి రక్తం తీస్తాను, సీసాలో పట్టుకొచ్చిన మూత్రం పరీక్ష చేస్తాను, వచ్చిన అంకె కాగితం మీద రాసి ఇస్తాను. కానీ గోదావరిఖనిలో తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి దవాఖానలో కనబడితే చాలు, అందరికీ సిస్టరమ్మే. చివరికి నేనూ పలకడం అలవాటు చేసుకున్నాను. అసలు పేరు రూతమ్మ. మా నాయిన బెల్లంపల్లి గనిలో తట్టలకొద్దీ బొగ్గు ఎత్తిన మనిషి. షిఫ్టు దిగివచ్చి ఆయన ఉమ్మే నల్లటి ఉమ్మి చూస్తూ పెరిగినదాన్ని. కాబట్టి రక్తం చూసి, మూత్రం చూసి నేనెప్పుడూ ముఖం చిట్లించలేదు.

ల్యాబు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను మిషన్ల గురించి అడుగుతారు. మిషన్లదేముంది, నాలుగేళ్ళకోసారి మారతాయి. మారనిది ఒకటుంది. కాగితం చేతికిచ్చాక మనిషి నీ ముఖంలోకి చూసి ఒక ప్రశ్న అడుగుతాడు. "ఎన్నో స్టేజీ, సిస్టరమ్మా?" అని. దానికి నేను ఒకసారి సరైన జవాబే చెప్పాను, కానీ చెప్పిన తీరు తప్పు. ఆ తప్పు ఒక మనిషిని డయాలసిస్ మిషను గుమ్మం దాకా తీసుకుపోయింది. అది రాయడానికే కూర్చున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ ఎవరిక్కావాలి!

గంజి కాస్తున్నవా, అక్కా?

నేను చేరిన కొత్తలో మూత్రంలో ప్రొటీను ఉందో లేదో చూడాలంటే గాజు గొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద వేడి చేసేవాళ్ళం. ప్రొటీను ఉంటే పైభాగం తెల్లగా విరుగుతుంది. కిటికీలోంచి తొంగిచూసే కార్మికులు ఊరుకుంటారా?

"గంజి కాస్తున్నవా, అక్కా? మాకింత పొయ్యి" అని ఏడిపించేవాళ్ళు.

"నీ సీసానే ఇది. తాగుతవా?" అనేదాన్ని. ఇక పరుగే పరుగు.

ఆ తెలుపు కిడ్నీ పంపే మొదటి కబురు. కిడ్నీ జల్లెడలా పనిచేస్తుంది. ఒంటికి కావలసింది ఉంచుకుని, అక్కర్లేనిది వదులుతుంది. జల్లెడ పాడైతే మంచి ప్రొటీను కూడా జారిపోతుంది. అర్థం కావడానికి కిడ్నీ పనిని నూటికి ఇన్ని పాళ్ళని అనుకోండి. తొంభై పాళ్ళు, అంతకుపైన పనిచేస్తూనే ఇలా ప్రొటీను కారుతుంటే అది మొదటి స్టేజీ. అరవైకీ తొంభైకీ మధ్యకు దిగితే రెండోది. ఈ రెండు స్టేజీల్లోనూ మనిషికి సాధారణంగా ఏమీ తెలియదు. డ్యూటీకి పోతాడు, పెళ్ళిళ్ళలో కడుపునిండా తింటాడు, నిద్రపోతాడు. అందుకే చెబితే నమ్మడు.

"నాకేం బీమారి? నడుం సుత నొస్తలేదు" అంటాడు. మా దగ్గర కిడ్నీ అంటే నడుంనొప్పి అని గట్టి నమ్మకం. గనిని మావాళ్ళు బాయి అంటారు. బాయిలో పదేళ్ళు పనిచేసి నడుంనొప్పి లేనివాడెవడు? ఆ నొప్పికీ కిడ్నీ జబ్బుకూ చాలామందిలో ఏ సంబంధమూ ఉండదు. ఆ నొప్పికి మింగే గోళీలకు మాత్రం ఉంటుంది. ఈ ముక్క నా మనుషులకు ఎక్కించడానికి సగం సర్వీసు పట్టింది, ఇంకా సగం మందికి ఎక్కలేదు.

పాత స్లిప్పు ఏది?

మా పెద్ద డాక్టరుగారికి కోపం ముక్కుమీద ఉండేది. సన్నటి మనిషి, మాట తక్కువ. ఎవరైనా కొత్త రిపోర్టు చేతిలో పెడితే దాన్ని బోర్లించి పక్కన పెట్టేవారు.

"పాత స్లిప్పు ఏది?"

"ఇంట్ల ఉన్నది సారూ."

"తీసుకునిరా. అప్పటిదాకా ఇది చూడను."

అంతే! సెంటినరీ కాలనీ నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాడైనా సరే, వెనక్కి పోవాల్సిందే. ఆయన మీద నాకు ఒళ్ళు మండేది. పేషెంట్ల తిట్లన్నీ నా కిటికీ దగ్గరే కదా పడేవి! ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "కొత్తది చేతిలో ఉండగా పాతదెందుకు సార్? పాపం, అంత దూరం నుంచి వచ్చాడు."

ఆయన రెండు వేళ్ళు చూపించారు. "ఒక్క అంకెతో జబ్బు తెలియదమ్మా. వాంతులైనా అంకె పెరుగుతుంది. షిఫ్టంతా చెమట కారి నీళ్ళు తాగకపోయినా పెరుగుతుంది. అది తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా తగ్గకుండా అక్కడే ఉంటే అప్పుడది దీర్ఘకాలం జబ్బు. ఎంత వేగంగా దిగుతోందో చెప్పేది రెండో కాగితమే."

మనిషిగా ఆయన నాకు నచ్చేవారు కాదు, ఇప్పటికీ నచ్చరు. నవ్వకుండా ముప్పై ఏళ్ళు ఎలా బతికారో ఆయనకే తెలియాలి. కానీ నా సర్వీసులో నాకు పనికొచ్చిన పాఠం చెప్పింది ఆయనొక్కరే.

కొంచమే ఎక్కువున్నది

రాజేశమన్న టింబర్‌మన్. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరు. భార్య పోశక్క, కూతురు మౌనిక. ఆ అమ్మాయి అప్పటికి డిగ్రీ చదువుతోంది. కొన్నేళ్ళకోసారి కంపెనీ చేయించే పరీక్షలకు ఆయన మొదటిసారి నా కిటికీ ముందుకొచ్చినప్పుడు వయసు యాభై. బీపీ ఉంది. కండలు తిరిగిన మనిషి. సూది గుచ్చితే "చీమ కుట్టినట్టు సుత లేదు చెల్లె" అన్నాడు. అప్పటినుంచీ ఆయనకు నేను సిస్టరమ్మను కాదు, చెల్లెను.

రక్తంలో క్రియాటినిన్ ఒకటి పాయింటు ఆరు వచ్చింది. కండరాలనుంచి వచ్చే చెత్త అది, కిడ్నీ దాన్ని బయటకు తోసేయాలి. తోయలేకపోతే రక్తంలో మిగులుతుంది.

"ఎట్లున్నది చెల్లె?"

"కొంచమే ఎక్కువున్నదన్నా. డాక్టరుసారుకు చూపియ్యి."

ఆ 'కొంచమే' అన్నది నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో చెప్పలేను. బయట లైను పెద్దగా ఉంది. మనిషి గట్టిగా ఉన్నాడు. ఒకటి పాయింటు మూడు ఉండాల్సిన చోట ఒకటి పాయింటు ఆరు. కూరలో ఉప్పు చిటికెడు ఎక్కువైనట్టే కదా అనిపించింది. ఆయన డాక్టరుకు చూపించలేదు. కొంచమే కదా అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఇప్పుడైతే మిషనే వయసుతో కలిపి లెక్కగట్టి కిడ్నీ ఎన్ని పాళ్ళు పనిచేస్తోందో కింద అచ్చు వేస్తుంది. అప్పుడా సౌకర్యం లేదు. చేత్తో లెక్క వేసుకోవాలి, నేను వేసుకోలేదు. యాభై ఏళ్ళ మగమనిషికి ఒకటి పాయింటు ఆరంటే కిడ్నీ పని సగానికి పడిపోయిందని అర్థం.

పిల్లలూ, కిడ్నీ అంకె విషయంలో 'కొంచెం' అన్న మాట నోట్లోకి రానీయకండి. సగం పోయినా అంకెలో కనబడేది కొంచమే.

బస్సు

రెండేళ్ళ తర్వాత కాళ్ళు ఉబ్బి వచ్చాడు. రెండు పాయింటు ఒకటి. ఈసారి నేనే వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాను. పాత స్లిప్పు నా రిజిస్టరులో ఉంది, చూపించాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి "మూడో స్టేజీ. అందులోనూ కిందిసగం" అని మందులు రాశారు. బీపీ గోళీలు మానొద్దన్నారు, నొప్పి గోళీలు ముట్టొద్దన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

బయటికొచ్చి బెంచీమీద కూర్చుని రాజేశమన్న నన్నే అడిగాడు. "స్టేజీ అంటే ఏంది చెల్లె?"

మా దిక్కున స్టేజీ అంటే బస్సు ఆగే చోటు. 'మా ఊరి స్టేజీ కాడ దింపు' అంటారు కండక్టరుతో. ఇంకేం, నాకు మంచి దారి దొరికిందనుకున్నాను.

"బస్సు లెక్కనే అన్నా. మొత్తం ఐదు స్టేజీలు. నువ్విప్పుడు మూడో స్టేజీల ఉన్నవు. అరవై నుంచి ముప్పై పాళ్ళ దాక అదే. ముప్పై కంటే కిందికి పోతే నాలుగోది. పదిహేను కంటే కిందికి పోతే ఐదోది. గక్కడికి పోతే కిడ్నీ చాతనైతలేదని మిషను పెట్టవలసి వస్తది."

ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "అంటే ఇంక రెండు స్టేజీలున్నయన్నట్టు."

"గంతే."

"ఆఖరు స్టేజీల దిగితే బాయి పనికి పనికిరానట్టేనా?"

"పనికి ఎట్ల పోతవన్నా!"

ఆయన తల ఊపాడు. ముఖంలో భయం లేదు. ఎంత బాగా చెప్పానో అని నేను మురిసిపోయాను. నా తెలివి తగలెయ్య!

కార్మికుడు జబ్బుతో పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చి అన్‌ఫిట్ రాస్తే, ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం వచ్చే ఏర్పాటు మా బొగ్గుబావుల్లో ఉంది. రిటైర్మెంటు దగ్గరపడ్డాక అన్‌ఫిట్ అయితే అది దొరకదు. ఐదో స్టేజీకి పోతే అన్‌ఫిట్ ఖాయమని క్యాంటీన్లో అనుకునేవాళ్ళు. అందులో నిజమెంతో నాకు తెలియదు, బోర్డు సంగతి నా చేతిలోది కాదు. కానీ ఆ మాట రాజేశమన్న చెవిన పడే ఉంది. నేను చెప్పిన బస్సు ఆ మాటకు సరిగ్గా అతుక్కుంది. బస్సన్నాక ఎలాగూ ఆఖరు స్టేజీకి పోతుంది. ఆలస్యంగా పోతే తన చావు తనకే. తొందరగా పోతే మౌనికకు నౌకరీ. నేనన్న 'గంతే' అనే మాట ఆయనకు టికెట్టులా పనికొచ్చింది.

బియ్యం డబ్బా

ఎనిమిది నెలలకు మళ్ళీ వచ్చాడు. రెండు పాయింటు తొమ్మిది. మిషను తప్పేమోనని మళ్ళీ చేశాను. అదే అంకె. డాక్టరుగారు మూడు స్లిప్పులూ వరసగా పెట్టి చూశారు. "రెండేళ్ళలో పెరిగినదానికంటే ఈ ఎనిమిది నెలల్లో అంకె ఎక్కువ పెరిగింది. మందులు వేసుకుంటే ఇలా పెరగదు. ఈ మనిషి అబద్ధం చెబుతున్నాడు" అన్నారు.

రాజేశమన్న మాత్రం "రోజు మింగుతున్న సారూ, యేసుప్రభువు తోడు" అన్నాడు. ఆయన హిందువు, ఒట్టు నన్ను చూసి వేసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మరునాడు ఆదివారం. ప్రార్థన అయిపోగానే సెంటినరీ కాలనీ బస్సెక్కాను. ఆయన ఫస్టు షిఫ్టులో ఉన్నాడు. పోశక్క టీ పెట్టింది. మందుల మాట ఎత్తగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలుపెట్టింది. లోపలికి పోయి బియ్యం డబ్బా తెచ్చి బియ్యంలో చెయ్యిపెట్టి బయటకు తీసింది. బీపీ గోళీల పట్టీలు, చింపనివి చింపనట్టే. ఎనిమిది నెలలవి.

"మింగుమంటే తిడుతడమ్మా. నొప్పి గోళీలు మాత్రం పొద్దుకొకటి, మాపుకొకటి. బిడ్డకు నౌకరి రావాలె, నేను జల్ది ఆఖరు స్టేజీకి పోవాలె అంటడు. నువ్వే చెప్పినవట, ఇంక రెండే స్టేజీలున్నయని."

వెనక గుమ్మంలో మౌనిక నిలబడి ఉంది. ఆ అమ్మాయికి అప్పటిదాకా ఏమీ తెలియదు. వచ్చి ఆ పట్టీలను ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకుంది. నాకు మట్టుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. టీ తాగకుండానే లేచాను.

ఓదెలు నాగాలు

రాజేశమన్న షిఫ్టు దిగివచ్చేదాకా క్వార్టరు బయటే ఆగి, ఆయనతో పోట్లాడాను. నా గొంతు పక్క క్వార్టర్లకు కూడా వినబడే ఉంటుంది.

"నేను తప్పు చెప్పినన్నా. ఇది గా బస్సు కాదు. ఇది ఎనుకకు రాదు, నిజమే. కాని ముందుకు పోవాలెనని సుత లేదు. మందులు మింగి, ఉప్పు తగ్గించి, గా నొప్పి గోళీలు మానితే ఉన్న స్టేజీలనే ఏండ్లకేండ్లు నిలబడ్తది. నిలబెట్టుడే మా పని."

ఆయన తాపీగా బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "నిలబడ్డ బస్సుల కూసోని ఏం చేస్తనే చెల్లె? నా బిడ్డను ఏ స్టేజీల దింపుత?"

అంకెలతో ఈ మనిషి మారడని అర్థమైంది. మర్నాడు సెకండ్ షిఫ్టుకు ముందు దవాఖానకు రమ్మన్నాను. వచ్చాడు. చెయ్యి పట్టుకుని డయాలసిస్ గదికి తీసుకుపోయాను. అక్కడ మంచం మీద ఓదెలు ఉన్నాడు. ఒకప్పుడు వీళ్ళిద్దరిదీ ఒకే బాయి. కిడ్నీలు పూర్తిగా పోయి, అన్‌ఫిట్ అయి, కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకున్న మనిషి. రాజేశమన్న కళ్ళకు ఆయన గెలిచినవాడు.

ఓదెలు ఎడమచేతికి రెండు గొట్టాలు. ఒకదాంట్లో రక్తం పోతోంది, ఇంకోదాంట్లో తిరిగొస్తోంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

"రా రాజేశం, కూసో" అన్నాడు. "దూపైతుందిరా. గ్లాసెడు నీళ్ళు తాగుదామంటే సుత లెక్కనే నాకు. ఒంట్లకెల్లి పోవు కదా."

"కొడుకుకు నౌకరచ్చింది కద బావా. గంతకంటే ఏం గావాలె?"

ఓదెలు నవ్వాడు. తలుపు వైపు చూపించాడు. బెంచీ మీద డ్యూటీ బట్టల్లో ఒక యువకుడు కూర్చునే నిద్రపోతున్నాడు.

"వాడే. నన్ను తెచ్చుడు వాడే, కొంటవోవుడు వాడే. నడిమిట్ల బీపీ పడిపోతది, ఒక్కన్ని రానియ్యరు. వారం వారం నాగాలే. డ్యూటీకి పోని దినం నాగా కద? హాజరీ మస్టర్లు తక్కువున్నయని మొన్న నోటీసచ్చింది. నౌకరి ఇప్పిచ్చింది నేనే, ఊడగొట్టేది నేనే లెక్కున్నది."

రాజేశమన్న ఆ నిద్రపోతున్న ముఖాన్నే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "చెల్లె, నేను మిషను మీదికస్తే నన్ను ఎవరు తెస్తరు? పోశికి బస్సెక్కుడే రాకపాయె."

"నువ్వే చెప్పన్నా" అన్నాను.

ఆయన బయటికి పోయి, మెట్లమీద కూర్చుని, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. లోపల లైను పెరిగిపోయి ఎవరో నన్ను తిడుతున్నారు, తిట్టనీలే అనుకున్నాను.

దిగబుద్ధయితలేదు

ఆ రోజునుంచి గోళీల సంచి మౌనిక చేతిలోకి వచ్చింది. నొప్పి గోళీలు మానాక క్రియాటినిన్ కొంచెం దిగి రెండు పాయింటు ఏడు దగ్గర ఆగింది. ఇక్కడ 'కొంచెం' అన్న మాట నేను ఇష్టంగానే వాడుతున్నాను. అంటే నాలుగో స్టేజీ, పైఅంచు. పోయిన పాళ్ళు పోయినవే. డాక్టరుగారు రాసిన చీటీతో ఆయనకు బాయి పైన తేలిక డ్యూటీ వేశారు. ఎందుకైనా మంచిదని ఎడమచేతి నరాన్ని కాపాడుకోమన్నారు. రేపు మిషను అవసరమైతే ఆ చేతికే ముందుగా చిన్న ఆపరేషను చేసి సిద్ధం చేయాలి. అందుకని నేను రక్తం ఎప్పుడూ కుడిచేతి నుంచే తీసేదాన్ని. కొత్తగా చేరే పిల్లలు ఇది మరిచిపోవద్దు. నాలుగో స్టేజీ మనిషి ఎడమచెయ్యి చాపినా, మీరు కుడిదే అడగండి.

మూడు నెలలకోసారి వచ్చేవాడు. ప్లాస్టిక్ కవరులో పాత స్లిప్పులన్నీ వరసగా. డాక్టరుగారు నోరు తెరవకముందే బల్లమీద పరిచేవాడు. ఆ నవ్వని మనిషి ఒకసారి నవ్వారు కూడా, నేను చూశాను.

రాజేశమన్న డ్యూటీ పూర్తిచేసి మామూలుగానే రిటైరయ్యాడు. మౌనికకు కంపెనీ ఉద్యోగం రాలేదు. పెద్దపల్లిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం వస్తుంది. కంపెనీ నౌకరీకీ దానికీ పోలికే లేదు. అది నాకూ తెలుసు.

ఆయనకు ఇంకా బాగా తెలుసు. నా రిటైర్మెంటు రోజు దండ తెచ్చి మెడలో వేసి, అందరి ముందూ నవ్వుతూనే అన్నాడు. "నా బిడ్డ నౌకరి పోగొట్టింది ఈమెనే." అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆ మాటలో సగం నిజమే. ఆ సగాన్ని నేను మోయాల్సిందే.

పోయిన నెల మా ఇంటికి వచ్చాడు. రిటైరై ఇంట్లో ఉన్నా నన్ను వదలడు. చేతిలో కొత్త స్లిప్పు, కానీ నాకివ్వకుండా వెనక దాచుకున్నాడు. కొంచెం నెమ్మదించాడు, జుట్టంతా తెల్లబడింది. మౌనిక గేటు దగ్గర నిలబడి ఫోన్లో ఎవరో పిల్లాడికి లెక్క విడమరిచి చెబుతోంది.

"ఎన్నో స్టేజీ అన్నా?" అని ఈసారి నేనే అడిగాను.

స్లిప్పు నా ముందు పెట్టాడు. పాతది నా రిజిస్టరులో లేదు కదా ఇప్పుడు, దాన్నీ కవరులోంచి తీసి పక్కన పెట్టాడు. రెండూ చూశాను. ఎప్పటి అంకే.

"గదే స్టేజీ చెల్లె" అన్నాడు. గేటు వైపు, బిడ్డ వైపు చూశాడు. "దిగబుద్ధయితలేదు."